క్యాలెండర్ వెనక భుజాలు

నా జన్మలో నాకు మొదటి బహుమతి వచ్చింది ఒకే ఒక్కసారి, అదీ పేకాటలో. ఢిల్లీలో, మయూర్ విహార్‌లోని ఒక హౌసింగ్ సొసైటీలో, చలికాలం ఆదివారాల్లో జరిగిన పోకర్ పోటీ అది. ఆఖరి ఆటలో నేను ఓడించింది నాతో ఒకే ఇంట్లో ఉంటున్న స్నేహితుణ్ణి. ఆ చలికాలం వాడికి క్షయ. మాకు చెప్పలేదు. చెబితే ఇంట్లోంచి పొమ్మంటామని భయపడ్డాడు. వాడికి జబ్బని నాకు తెలియదు. వాడు అబద్ధం ఆడుతున్నాడని మాత్రం తెలుసు, ఆడినప్పుడల్లా తెలుసు. ఆ తెలిసినదాన్ని దేనికి వాడుకున్నానో ఒప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

బహుమతి ఇత్తడి దిక్సూచి. ఇప్పటికీ మా ఇంట్లో గాజు బీరువాలో ఉంది. వచ్చినవాళ్ళు చూసి, అబ్బ ఎక్కడ కొన్నారండీ అంటారు. నేను కాఫీ తెస్తానని లేచి వెళ్ళిపోతాను.

తొంభైల మధ్యలో మేం ముగ్గురం సర్కారు కట్టిన ఫ్లాట్లలో మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. ఢిల్లీలో తెలుగువాడు తెలుగువాణ్ణి పేరు పెట్టి పిలవడానికి ఏడాది పడుతుంది, అప్పటిదాకా ఊరి పేరే. మా విషయంలో ఆ ఏడాది ఎన్నటికీ పూర్తి కాలేదు. నేను కాకినాడ. నోయిడాలో ఒక కంప్యూటర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. రెండోవాడు అనంతపురం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా, నోరు మూసుకుంటే ఊపిరాడని మనిషి. మూడోవాడు కరీంనగర్. ఫరీదాబాద్‌లో పంపులు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. రెండు బస్సులు మారి వెళ్ళాలి కాబట్టి మేం లేవకముందే స్నానం చేసి వెళ్ళిపోయేవాడు. ముగ్గురిలోకీ నెమ్మదస్తుడు. నేను అన్నం మాడిస్తే అడుగుమాడు తన కంచంలో వేసుకుని, మంచి అన్నం మాకు తోసేవాడు. అలాంటి మనిషి గురించే ఇప్పుడు చెప్పబోయేదంతా.

మా రోడ్డు దాటితే ఒక సొసైటీ. అందులో రిటైరైన ఓడ కెప్టెన్ ఒకాయన ఉండేవాడు. అందరికీ కెప్టెన్ అంకుల్. ఓడల మీద నేర్చుకున్న పోకర్ అంటే ఆయనకు భక్తి, రమ్మీ ఆడేవాళ్ళంటే జాలి. ఆ ఏడు సొసైటీ కమ్యూనిటీ హాల్లో పోటీ పెట్టి, చుట్టుపక్కల ఎవరైనా రావచ్చన్నాడు. ఒకటే షరతు, హాల్లోకి పైసా రాకూడదు. అందరికీ సమానంగా ప్లాస్టిక్ బిళ్ళలు ఇస్తాడు. బిళ్ళలు అయిపోయినవాడు లేచి వెళ్ళి ఎండలో కూర్చుని పల్లీలు తినాలి. చివరిదాకా మిగిలినవాడికి ఆయన ఓడ దిగేటప్పుడు తెచ్చుకున్న దిక్సూచి.

ఆట తేలిక. చేతికి ఐదు ముక్కలు వస్తాయి. నచ్చనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. తర్వాత బిళ్ళలు పెంచుకుంటూ పోవాలి. పెద్ద ముక్కలున్నవాడే గెలుస్తాడని లేదు. చేతిలో చెత్త పెట్టుకుని ధీమాగా బిళ్ళలు తోస్తే, ఎదుటివాడు భయపడి తన ముక్కలు పడేస్తే, ఆ చెత్తే గెలుస్తుంది. అబద్ధం ఆడటం వచ్చినవాడికీ, ఆడేవాణ్ణి పట్టుకోవడం వచ్చినవాడికీ ఆ ఆట.

మాకు ఆ రెండూ రావు. అందుకని అక్టోబరు నుంచే ఇంట్లో సాధన మొదలుపెట్టాం. దానికి శాస్త్రం కనిపెట్టినవాడు అనంతపురం.

"గుమ్మడికాయల దొంగ ఎవడ్రా అంటే భుజాలు తడుముకున్న్యాడంట. అందరికీ ఒక భుజం ఉంటాదప్పా. ఎవుని భుజం యాడుందో కనుక్కోవల్ల, అంతే."

అప్పట్నుంచి మా ఇంట్లో ఆ మాట స్థిరపడిపోయింది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్‌లో అయిపోయిన నెల కాగితం చింపి, వెనక తెల్లటి వైపు 'భుజాలు' అని రాసి, వంటింటి తలుపుకు అంటించాం. నియమం ఏంటంటే, ఒకడి భుజం ఇంకొకడు చూస్తే దాచుకోకుండా అక్కడ రాయాలి. చదివినవాడు ఆ అలవాటు మానుకోవాలి. మనలో మనకు పోటీ లేదు, పోటీ ఆ సొసైటీలోని పంజాబీ అంకుళ్ళతో అని ప్రమాణం లాంటిది చేసుకున్నాం. ఇంటిగుట్టు లంకకు చేటు, కానీ ఇంట్లో గుట్టు ఉండకూడదు అన్నమాట.

అనంతపురం గురించి కరీంనగర్ రాశాడు: మంచి ముక్కలు పడితే కూనిరాగం ఆపేస్తాడు. నా గురించి ఇద్దరూ రాశారు: అబద్ధమైతే అవసరం లేని మాటలు మాట్లాడతాడు. నిజమే. ఇప్పటికీ అంతే. కరీంనగర్ పేరు కింద మాత్రం ఖాళీ. వాడి మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. అనంతపురం వాడి ఎదురుగా కూర్చుని గంటలకొద్దీ చూసి, "వీనికి భుజాలే లేవు" అని తేల్చేశాడు.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం నాకు దొరికింది. వాడు నాలుగు ముక్కలు మార్చుకున్నాడు, అంటే చేతిలో ఏమీ లేదన్నమాట. అయినా బిళ్ళలు పెంచాడు. పెంచుతూ ఎడమ చెవి తమ్మెను వేళ్ళతో పట్టుకుని, కాస్త కిందికి లాగి వదిలాడు. ఒక్క క్షణం. మళ్ళీ ఇంకో రెండు ఆటల తర్వాత అదే. చేతిలో నిజంగా ఉన్నప్పుడు చెయ్యి చెవి దగ్గరికి పోలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళాను. తలుపు మీద కాగితం ఉంది, పక్కనే దారానికి కట్టిన పెన్ను ఉంది. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఎందుకు రాయలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాలేజీలో క్యారమ్స్ ఆడితే రెండోవాణ్ణి, ఆఫీసులో ప్రమోషన్ల జాబితాలో పైనుంచి చూస్తే కనిపించనివాణ్ణి. ఒక్కసారి, ఒక్క చోట నాకు మాత్రమే తెలిసింది ఒకటి ఉంటే బాగుండుననిపించింది. అంతే. దీనికి ఇంతకంటే గొప్ప కారణం లేదు.

డిసెంబరు వచ్చింది. ఢిల్లీ చలి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బకెట్లో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు మనవి కావు. ఆ చలికి మేం తలుపులన్నీ మూసేయడం మొదలుపెట్టగానే కరీంనగర్ లోపలి గదిలోంచి తన పరుపు తెచ్చి ముందు గదిలో బాల్కనీ పక్కన వేసుకున్నాడు. బాల్కనీ తలుపు తెరిచే పడుకునేవాడు. రజాయి, దాని మీద కంబళి, తలకు మంకీ క్యాప్. పొగమంచు నేరుగా ఇంట్లోకి వచ్చేది. మేం లోపలి గది తలుపు మూసుకుని తిట్టుకునేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున ఉండబట్టలేక అడిగాను. "ఏంట్రా నీకీ పిచ్చి? మమ్మల్ని చంపేస్తావా?"

"నాకు దుమ్ము పడ్తలేదురా. గాలి రాకుంటే దగ్గొస్తుంది. తలుపు తెర్సి ఉండాలె," అన్నాడు. అంటూ చేతివేలు మంకీ క్యాప్ కిందికి పోనిచ్చి, చెవి తమ్మెను వెతుక్కుని లాగాడు.

నేను చూశాను. నాకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. సంతోషం వేసింది. పేకముక్కలు లేనప్పుడు కూడా ఈ గుర్తు పనిచేస్తోంది, ఇక తిరుగులేదు అనుకున్నాను. దుమ్ము కాకపోతే మరి ఏమిట్రా అన్న ప్రశ్న నా నోట్లోకి రానేలేదు.

తర్వాత ఒక వారానికి కొత్త స్టీలు కంచం, గ్లాసు తెచ్చుకున్నాడు. తన గిన్నెలు తనే విడిగా కడుక్కుంటానన్నాడు. అనంతపురం కారణం అడిగాడు.

"కొండగట్టు అంజన్నకు మొక్కుకున్న. సంక్రాంతి దాటేదాంక ఎవల ఎంగిలి తగలొద్దు, నా ఎంగిలి ఎవలకు తగలొద్దు."

మళ్ళీ చెవి. ఈసారి అనంతపురం అక్కడే ఉన్నాడు గానీ, మొక్కు అన్న మాట వినగానే వాడి చూపు నేల మీదికి దిగిపోయింది. మాలో ఎవడైనా మొక్కు అన్నాక ఇంక అడిగేదేముంటుంది? దేవుడి పేరు చెప్పినవాణ్ణి నిజమా అని అడిగే తెలుగువాణ్ణి నేను ఇప్పటిదాకా చూడలేదు. వాడికా సంగతి బాగా తెలుసు, అందుకే ఆ అబద్ధం ఎంచుకున్నాడు. అనంతపురం పాపం ఆ రోజు నుంచి వాడి కంచం పెట్టుకోవడానికి గూట్లో పై అర ఖాళీ చేసి, పసుపు రాసి ఇచ్చాడు. నేను చూస్తూ నిలబడ్డాను. అది అబద్ధమని ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆదివారాలు మాతో తాగే పొద్దుటి టీ మానేశాడు. స్వెట్టరు వదులైంది. మెట్లెక్కి వచ్చాక కాసేపు గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, ఊపిరి తీసుకునేవాడు. ఎలా ఉన్నావురా అంటే మంచిగున్న అనేవాడు. చెయ్యి పైకి పోయేది. నేను మనసులో లెక్క రాసుకునేవాణ్ణి, ఇది పదోసారి, ఇది పదకొండోసారి అని. ఒక్కసారి కూడా తప్పలేదు.

పోటీ డిసెంబరు మొదటి ఆదివారం మొదలై ఐదు వారాలు నడిచింది. అనంతపురం మొదటివారమే పల్లీల దగ్గరికి పోయాడు, కూనిరాగం ఆపి దొరికిపోయి. మేమిద్దరం నిలిచాం. కరీంనగర్ ఆడుతుంటే కెప్టెన్ అంకుల్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు. "దేఖో, ఈ కుర్రాడి మొహం చూడండి. సముద్రంలో గాలి ఆగినప్పుడు ఇలాగే ఉంటుంది," అనేవాడు. వాడు బల్లకు దూరంగా జరిగి కూర్చుని, శాలువాను నోటికి అడ్డం పెట్టుకుని దగ్గేవాడు. సొసైటీ ఆంటీలు తులసి కషాయం పంపేవాళ్ళు.

ఆఖరి ఆదివారం చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. హాలు తలుపులన్నీ తెరిచారు. మధ్యాహ్నం మూడింటికి బల్ల దగ్గర మిగిలింది మేమిద్దరమే. చుట్టూ ముప్పై మంది దాకా నిలబడి ఉన్నారు, చేతుల్లో నువ్వులూ బెల్లంతో చేసే గజక్ ముక్కలు పట్టుకుని. నా దగ్గర బిళ్ళలు కొంచెం తక్కువ. నా చేతిలో మార్చుకున్నాక కూడా రెండు జాకీలే, మిగతా మూడూ పనికిరానివి. వాడు మూడు ముక్కలు మార్చుకుని, చూసుకుని, బోర్లా పెట్టి, తన బిళ్ళలన్నీ ముందుకు తోశాడు. జాకీల జత మీద ఉన్నదంతా పెట్టే మూర్ఖుడు ఉండడు. ఎవరైనా పడేస్తారు.

వాడు వేలిని మంకీ క్యాప్ కిందికి పోనిచ్చాడు.

నేను నా బిళ్ళలన్నీ తోసి, "షో" అన్నాను. వాడు ముక్కలు తిప్పాడు. ఇస్పేటు ఆసు ఒకటి, తక్కినవి ఒకదానికొకటి సంబంధం లేనివి. ఆ తర్వాతి ఆటకే వాడికి మిగిలిన నాలుగు బిళ్ళలు కూడా నా వైపుకు వచ్చేశాయి. చప్పట్లు కొట్టారు. కెప్టెన్ అంకుల్ దిక్సూచిని తెల్ల రుమాలుతో తుడిచి నా చేతిలో పెట్టాడు.

"జాకీల జతతో ఎట్ల నిలబడితివి రా?" అన్నాడు అనంతపురం. అందరూ అదే అడుగుతున్నారు. అక్కడ నేను నోరు మూసుకుని ఉండొచ్చు. అదృష్టం అనేసి ఉండొచ్చు. కానీ నా భుజం ఏమిటో ముందే చెప్పాను కదా, అవసరం లేని మాటలు. అందరికీ అర్థమయ్యేలా హిందీలో చెప్పాను. వీడు అబద్ధం ఆడితే చెవి లాక్కుంటాడు, నవంబరు నుంచీ నాకు తెలుసు అని. హాలంతా నవ్వు. ఒక అంకుల్ వాడి చెవి పట్టుకుని, "బేటా, నీ అబద్ధాల గంట ఇదా?" అన్నాడు. వాడూ నవ్వాడు. అనంతపురం మాత్రం నవ్వలేదు. వంటింటి తలుపు మీది కాగితం వాడికి గుర్తొచ్చి ఉంటుంది.

ఇంటికి వచ్చేటప్పుడు మెట్ల మీద కరీంనగర్ ముందు, నేను వెనక. రెండో అంతస్తు మలుపులో వాడు ఆగి, గోడకు ఆనుకున్నాడు.

"నవంబర్ సంది ఎరుకనా నీకు?"

"ఆ."

"దుమ్ము అని చెప్పినప్పుడు?"

నేను తలూపాను.

"మొక్కు అని చెప్పినప్పుడు సుత?"

"తెలుసురా."

వాడు కోట్ లోపలి జేబులోంచి మాత్రల అట్టలు తీశాడు, నాలుగు రకాలు. అరచేతిలో పెట్టుకుని చూపించాడు. "టీబీ. దీపావళి అయినంక చెప్పిన్రు దవాఖాన్ల. గాలి ఆడనియ్యి, గిన్నెలు వేరు పెట్టుకో అన్నరు. మీకు అంటొద్దని తలుపు తెర్సిన. చెప్తె ఎల్లగొడ్తరని చెప్పలే."

అప్పుడు నేను ఒక పని చేశాను. అనుకుని చేసింది కాదు, కాలు తనంతట తాను చేసింది. ఒక మెట్టు కిందికి దిగాను.

వాడు ఆ మెట్టు వైపు చూశాడు. మాత్రలు జేబులో పెట్టుకున్నాడు. "అబద్ధమని ఎరుకుండి సుత ఒక్కసారి అడగకపోతివి," అన్నాడు. కోపంగా అనలేదు. "ఎవడన్న గట్టిగ అడిగితె చెప్పేద్దును. దినాం అనుకునేది, ఇయ్యాల అడుగుతడేమో అని."

పైకి వెళ్ళాక అనంతపురానికి కూడా వాడే చెప్పాడు. అనంతపురం మొదట ఏడ్చాడు, తర్వాత వంటింటి తలుపు మీది కాగితం చింపి నా మొహాన కొట్టాడు. "రాసింటే నేనన్నా అడిగేవాణ్ణి కదరా. ఇంత చలిలో వాన్ని బైట పండబెడ్తిమి కదరా."

మర్నాడు మేమిద్దరం వెళ్ళి ఛాతీ ఎక్స్‌రేలు తీయించుకున్నాం. మాకేం అంటలేదు. వాడు తలుపు తెరిచి పడుకున్న ఫలితం అది. మందులు పడి రెండు నెలలైంది కాబట్టి ఇక ఎవరికీ అంటదని డాక్టర్ చెప్పాడు కూడా. అయినా ఆ శనివారం కరీంనగర్ సామాను సర్దుకున్నాడు. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ పక్కనే ఒక గది దొరికిందనీ, బస్సుల బాధ తప్పుతుందనీ అన్నాడు. చెయ్యి చెవి దాకా వెళ్ళి, గుర్తొచ్చి, కిందికి దిగింది. అనంతపురం వద్దురా వద్దురా అని పెట్టె పట్టుకుని లాగాడు. నేను అనలేదు. అంటే నమ్మడని కాదు. వాడు వెళ్ళిపోతే తేలిగ్గా ఉంటుందని నాలో ఒక మూల అనిపించింది, అందుకని అనలేకపోయాను. దిక్సూచి ఇవ్వబోతే, "గెల్సినోనిదే" అని వెనక్కి తోశాడు.

మందులు పూర్తిగా వాడి బాగుపడ్డాడు. కొన్నేళ్ళకు తన ఊరు కరీంనగర్‌కే వెళ్ళిపోయి పంపుల రిపేరు షాపు పెట్టుకున్నాడు. అనంతపురమే మా ఇద్దరి మధ్యా మాటలు మళ్ళీ కలిపాడు. నేను హైదరాబాద్ వచ్చేశాక ఆదివారాలు ఫోన్ చేసుకుంటున్నాం. ఎలా ఉన్నావురా అంటాను. మంచిగున్న అంటాడు. ఫోన్లో మనిషి చెయ్యి కనిపించదు. అందుకని ప్రతిసారీ రెండోమారు అడుగుతాను. నిజంగ మంచిగున్నరా, ఎన్నిసార్లడుగుతవ్ అని విసుక్కుంటాడు. వాడు విసుక్కుంటే నాకు బాగుంటుంది.

ఈ ఆదివారం కూడా అడిగాను. మంచిగున్న అన్నాడు. గొంతులో ఏదో తేడా. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే జవాబు, విసుగు లేకుండా.

"చెయ్యెక్కడుందిరా?" అన్నాను.

చాలాసేపు నవ్వాడు. "ఫోన్ పట్టుకున్నరా."

"రెండోది?"

నవ్వు ఆగిపోయింది. షాపులో ఎవరో పానా కింద పడేసిన చప్పుడు వినిపించింది. వాడు ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.

"నువ్వు రారాదురా ఒకసారి," అన్నాడు చివరికి. "ఫోన్ల చెప్పేది కాదు."

రేపు పొద్దున కరీంనగర్ వెళ్ళే మొదటి బస్సుకు టికెట్ తీసుకున్నాను.